కొలిచేవాడి వాటా

తోడికోడలిని తోడికోడలు మెచ్చుకోవడం మా దగ్గర అలవాటు లేని పని. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానన్న సామెత ఊరికే పుట్టలేదు. అయినా నేనిప్పుడు చేయబోయేది ఆ పనే. మా సమతను మెచ్చుకోవాలని కూర్చున్నాను. ఎవరికైనా కడుపులో మండితే కాసిని మజ్జిగ తాగి చదవండి.

నేను ఆ ఇంటి పెద్దకోడలిని, పేరు శిరీష. చేవెళ్లలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. సైన్సుకు పదో తరగతిలోనే దండం పెట్టి బయటపడ్డదాన్ని. కాబట్టి కరెంటు సంగతుల్లో తప్పులుంటే నావి, ఒప్పులుంటే సమతవి. మా ఊరు మొయినాబాద్ నుంచి చేవెళ్ల పోయే రోడ్డుకు కాస్త లోపలికి ఉంటుంది. మా మామ ప్రభాకర్ రెడ్డి ఒకప్పటి సర్పంచ్. పదవి పోయింది గానీ పంచాయితీలు పోలేదు. అన్నదమ్ముల భూమి పంపకమంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇప్పటికీ ఆయన్నే పిలుస్తారు. సర్వేయరు గొలుసు పట్టుకుని చేలో నడుస్తుంటే ఈయన గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంటాడు. ఒకసారి చెప్పిన తీర్పును వెనక్కి తీసుకోవడమన్నది ఆయన చరిత్రలో లేదు. అది తన గొప్పతనమని ఆయన అనుకుంటాడు. మా అత్త గోపమ్మ ఇంకోలా అనుకుంటుంది, కానీ పైకి అనదు.

ఊరి బయట మాకొక పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ పరదా కప్పిన పూలతోట, ఉంది. ఇంట్లో అందరం షెడ్డు అంటాం. అందులో జర్బెరా పూలు వేస్తాం. పెళ్లి స్టేజీల వెనక ఎర్రగా, పచ్చగా పళ్లేల్లా విచ్చుకుని కనిపించే పూలు అవే. వాసన లేదు, వేషమే ఉందని మా అత్త వాటిని ఆడిపోసుకుంటుంది. పొద్దున్నే తెంపి బకెట్లలో నిలబెడితే పట్నంలోని గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు బండిలో పోతాయి. షెడ్డు కట్టిన రోజు నుంచీ దాన్ని చూసేది సత్తయ్య. నీళ్లు పెట్టడం, మందు కొట్టడం, పూలు తెంపడం, పోతూ పోతూ తాళం వేయడం అన్నీ అతనే. అతని భార్య మైసమ్మ మరో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి పూలు కట్టలు కడుతుంది. సత్తయ్య మాటకారి కాదు. ఏదైనా అడిగితే ముందు భుజం మీది తువ్వాలు సర్దుకుంటాడు, ఆ తర్వాత ఒక్క ముక్క చెబుతాడు.

మా మామకు ఒక అలవాటు ఉంది. రోజూ పొద్దున షెడ్డులోకి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని సత్తయ్య వెనక నిలబడతాడు. ఏమీ అనడు, చూస్తాడు అంతే. జర్బెరాను కత్తితో కోయరు. కాడను మొదట్లో పట్టుకుని మెల్లగా పక్కకు వంచి లాగాలి. దానికి చేతిలో నిదానం కావాలి. మామ వెనక నిలబడ్డప్పుడల్లా సత్తయ్య చేతిలో కాడలు నడిమికి విరిగేవి. ఇన్నేళ్లయినా పని చేతకాలేదని సణుక్కుంటూ మామ వెళ్లిపోయేవాడు. ఆయన చూసినప్పుడు విరిగేవి కాబట్టి, ఆయన దృష్టిలో సత్తయ్య ఎప్పుడూ విరగ్గొట్టే మనిషే.

ఇక సమత. మా మరిది అభిలాష్ కొండకల్ దగ్గర రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అతన్ని చేసుకుని దొంతన్‌పల్లి నుంచి వచ్చింది. ఎలక్ట్రానిక్స్ చదివింది. కొత్తకోడలు వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలుసుకోవడానికే ఆర్నెల్లు పడుతుందంటారు. ఈమె షెడ్డులో తిరిగి, ఇక్కడ నీళ్లు అంచనా మీద పెడుతున్నారు, ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతున్నాయి అంది. తర్వాత మా అత్త ఫ్రిజ్‌లోని ఐస్ ట్రే తీసుకుపోయి అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసింది. ఆ ట్రే గురించి మా అత్త నాతో చాలా రోజులు మాట్లాడింది.

ట్రేలోంచి వచ్చిన తెల్లటి ముక్కలో రెండు తీగలున్నాయి. దాన్ని పూలమడిలో వేళ్ల దగ్గర పాతింది. ముక్క తడిగా ఉంటే అందులోంచి కరెంటు సులువుగా పోతుంది, ఎండితే కష్టంగా పోతుంది. ఆ ముక్కకు వరసలో, అదే తీగ మీద, మోటారుకు కలిపిన ఒక డబ్బాలో, కరెంటుకు కొంత అడ్డుపడే రెసిస్టర్ పెట్టింది. రెండింటికీ కలిపి ఒక బ్యాటరీ నుంచి పన్నెండు వోల్టులు ఇచ్చింది. ఆ పన్నెండునూ ఆ రెండూ పంచుకోవాలి. మట్టి తడిగా ఉన్నంతసేపు ముక్కకు వచ్చే వాటా తక్కువ. ఎండేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. అది సగానికి, అంటే ఆరుకు చేరిందంటే డబ్బా తనంతట తానే మోటారు వేస్తుంది, డ్రిప్పు పారుతుంది. ఇంతే యంత్రం. నాకే అర్థమైందంటే ఎంత బాగా చెప్పి ఉంటుందో చూడండి.

మామ ఒప్పుకోవడానికి నెల పట్టింది. చివరికి తనదైన పద్ధతిలో తీర్పు చెప్పాడు. ఉగాది దాకా షెడ్డు చిన్నకోడలి చేతిలో ఉంటుంది. డబ్బా సరిగ్గా నడిస్తే ఆ తర్వాతా ఆమెదే. ఒక్కసారి తప్పినా షెడ్డు దానికోసం పట్నం నుంచి వచ్చి తిరుగుతున్న పూల వ్యాపారికి కౌలుకు పోతుంది. సత్తయ్యకూ ఒక ఆజ్ఞ వేశాడు, ఇక మీదట మోటారు స్విచ్చి ముట్టుకోవద్దని. సత్తయ్య తువ్వాలు సర్దుకున్నాడు. డబ్బా వచ్చింది, ఇక తన పని పోయినట్టేనని అతను అనుకున్నాడని మైసమ్మ నాతో చెప్పింది. సమత ఆ సంగతి విని అతని దగ్గరికి పోయి, డబ్బాకు దాహం ఒక్కటే తెలుసు, పురుగు తెలియదు, తెగులు తెలియదు, పువ్వు ఏ రోజు తెంపాలో తెలియదు, అవన్నీ నీ పనులే అంది. అతను నమ్మాడో లేదో గానీ మర్నాటి నుంచి పాతిన ముక్క చుట్టూ కలుపు తానే తీసేవాడు.

శివరాత్రి దాటేదాకా డబ్బా ఒక్కరోజు తప్పలేదు. పూల కాడలు మునుపటికంటే పొడుగ్గా వచ్చాయి. అంతా బాగుంటే మామకు నిద్ర పట్టదు. ఆయన బెంగ ఒక్కటే, ఆ డబ్బాకు ముల్లు లేదు. మా దగ్గర ఏ బోరు దగ్గరికి పోయినా స్టార్టర్ డబ్బా మీద ఒక గుండ్రటి వోల్టుమీటరు, అందులో ఒక ముల్లు ఉంటాయి. రైతు ముందు ముల్లు చూస్తాడు, తర్వాతే మోటారు వేస్తాడు. వోల్టేజీ తక్కువున్నప్పుడు వేస్తే మోటారు కాలిపోతుంది. అట్లా కాల్చుకుని కాల్చుకుని నేర్చిన బుద్ధి అది. ముల్లు లేని డబ్బాను నమ్మేదెట్లని మామ బాధ.

ఇంతలో వాళ్లమ్మకు జ్వరమని సమత పుట్టింటికి పోయింది. మామ చేవెళ్లలో మోటార్లు బాగుచేసే ధనరాజ్‌ను పిలిపించాడు. అతను ఒక పాత బ్యాటరీ ఛార్జర్‌కున్న ముల్లు మీటరు విప్పుకొచ్చాడు. మట్టి సంగతి తెలియాలి కాబట్టి దాని రెండు తీగలనూ సరిగ్గా ఆ తెల్లముక్క కొసలకే కలిపి, మీటరును డబ్బా ముఖాన బిగించాడు. ముల్లు ఒకటి దాటి కాస్త ముందుకొచ్చి నిలబడింది. ఆరు దాకా వస్తే ఎండినట్టు, ఇప్పుడు ఒకటే ఉంది కాబట్టి నేల తడిగా ఉందని మామ లెక్క వేసుకుని సంతోషించాడు. నాకూ చూపించాడు. నేను కూడా బాగుందన్నాను. నాకేం తెలుసు?

తర్వాత మూడు నాలుగు రోజులు మోటారు రాలేదు. ఆకులు వాడుతున్నాయని సత్తయ్య చెప్పాడు. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లినా ఆకు వాడుతుంది, ముల్లు తడి అంటోంది, నువ్వు చెయ్యి పెట్టకు అని మామ కసిరాడు. ఆదివారం పొద్దునకు షెడ్డులో పూలన్నీ తలలు వేలాడేశాయి.

సమత అంతకుముందు సాయంత్రమే వచ్చింది. షెడ్డు దగ్గర మామ కేకలు వేస్తున్నాడని తెలిసి ఆమె, నేను, మా అత్త ముగ్గురం షెడ్డుకు పరుగెత్తాం. సత్తయ్య దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. మైసమ్మ, మిగతా ఇద్దరు ఆడవాళ్లు ఓ పక్కన ఉన్నారు. మామ తీర్పు అప్పటికే సగం అయింది. ఆయన తర్కం వినడానికి బాగానే ఉంది. ముల్లు తడి అంటోంది, మొక్క ఎండాను అంటోంది. రెండూ నిజమే అయితే ఒక్కటే దారి ఉంది. తెల్లముక్క పాతినచోట మాత్రం ఎవరో చెంబుతో నీళ్లు పోస్తున్నారు, డబ్బాను మోసం చేస్తున్నారు. షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? డబ్బా వస్తే కడుపు మండేది ఎవరికి?

"ఇంటిదొంగను ఈశ్వరుడు గూడ పట్టలేడంటరు," అన్నాడు మామ. "నేను పట్టిన. తాళంచెవి ఆడ పెట్టి పో సత్తయ్యా. రేపటి సంది రావద్దు."

సత్తయ్య తువ్వాలు సర్దుకోలేదు. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పుతుంటే ముడి రాలేదు. "నేను పోయలే పటేలా," అన్నాడు. ముడి వచ్చాక తాళంచెవిని బోర్లించిన బకెట్ మీద పెట్టాడు. మైసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పని పోవడం ఒక ఎత్తు. ఈ ఊళ్లో సర్పంచ్ నోటితో దొంగ అనిపించుకున్నవాడిని ఇంకో షెడ్డువాడు గేటు లోపలికి రానివ్వడు. అది అక్కడున్న అందరికీ తెలుసు.

సమత నేరుగా ముక్క పాతిన మడి దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మట్టి తవ్వింది. మా అత్త ఆమె పక్కన వంగి, నోరు మూసుకో బిడ్డా, నీ మీదికి రాలేదు గదా అని చెవిలో చెప్పింది. నిజమే, ఆమె మీదికి రాలేదు. సత్తయ్యే దొంగైతే డబ్బా మంచిది. డబ్బా మంచిదైతే ఉగాది తర్వాత షెడ్డు సమతది. ఊరుకుంటే చాలు. నేనైతే ఊరుకునేదాన్నని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, ఆ క్షణంలో అత్త మాటే నాకూ సబబుగా తోచింది.

సమత లేచి గుప్పిట విప్పి మామకు చూపించింది. మట్టి పిండిలా వేళ్ల మధ్య నుంచి రాలింది.

"ముక్క చుట్టూత తడి లేదు మామయ్యా. సత్తయ్య కాక నీళ్లు పోయలే. తప్పు నా డబ్బాల ఉన్నది."

ఎన్నాళ్లో కష్టపడి చేసిన వస్తువును, తన చేతిలోకి రాబోతున్న షెడ్డును, ఒక్క మాటతో అందరి ముందూ వదిలేసింది. అంత మంచి మాట మా ఇంట్లో అంత మామూలుగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మామ మెత్తబడలేదు. అయితే డబ్బా పీకెయ్యమన్నాడు, వ్యాపారికి ఫోన్ చేస్తానన్నాడు. సత్తయ్య నిన్న పోశాడేమో, ఇవాళ ఎండిందేమో, అది వేరు ఇది వేరు అన్నాడు. తాళంచెవి బకెట్ మీదే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా గడువు ఇమ్మని సమత అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా బయట వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకున్నాడు. ఇచ్చినట్టేనని మేము అనుకున్నాం.

ఆమె మొదట చేసిన పని డబ్బా తెరవడం కాదు. ట్యాంకుకు పైపు తగిలించి మొక్కలకు నీళ్లు పెట్టమని సత్తయ్యను బతిమాలింది. ముక్క పాతిన ఒక్క మడిని మాత్రం వదిలేయమంది, దాన్ని తాను అడగాల్సినవి ఉన్నాయట. పనిలోంచి పొమ్మనిపించుకున్న మనిషి పైపు పట్టుకుని మడి తర్వాత మడి తడుపుకుంటూ పోయాడు. మైసమ్మ ఆ వైపు చూడలేక బయటికి పోయింది.

అప్పుడు డబ్బా తెరిచింది. ముల్లు ఒకటి దాటి, ఒకటిన్నరకు కాస్త ఇవతల ఉంది. సమత తన దగ్గరున్న అంకెల మీటరు తీసి అదే ముక్క కొసలకు ఆనించింది. అదీ అంతే చూపించింది. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే ఇంకేముంది? కొత్త మీటరు, పాత మీటరు రెండూ ముక్క వాటా తక్కువే అంటున్నాయి. ముక్క చెడిపోయిందేమోనని సమత అనుకుంది. సరే, రెసిస్టర్ వాటా ఎంతో ముల్లుతోనే చూద్దామని మీటరు తీగ ఒకటి ముక్క మీది నుంచి ఊడదీసింది.

డబ్బాలో టక్కుమంది. మోటారు గుర్రుమని లేచింది. డ్రిప్పు పైపుల్లో గాలి బుసకొట్టి నీళ్లు కదిలాయి.

సమత తీగను మళ్లీ ముక్కకు ఆనించింది. మోటారు ఆగింది. తీసింది. వచ్చింది. పెట్టింది. ఆగింది. మడి పూర్తిగా తడవకుండా గబుక్కున మోటారు మెయిన్ కట్టేసి, అక్కడే కింద చతికిలబడి నా వైపు చూసింది. కళ్లలో నీళ్లున్నాయి, నవ్వుంది. ముక్క మంచిదే, డబ్బా మంచిదే, సత్తయ్య మంచివాడే. మా మామ చూడ్డానికి పెట్టించిన ముల్లే అసలు దొంగ.

నాకు కోపమొస్తే కాళ్లు ముందు కదులుతాయి. పద, ఆయన అరిచిన చోటే అందరి ముందూ చెబుదామని లేచాను. సమత నా చెయ్యి పట్టి ఆపింది.

"మనం చెప్తే ఆయన ఓడిపోయినట్టు అయితది అక్కా. ఓడిపోయినోడు సత్తయ్య కాకను పిలుస్తడా? ఆయన తీర్పు ఎనుకకు తీసుకోడు. గని కొత్త తీర్పు చెప్పమంటే చెప్తడు."

చదువు ఒక తెలివి. మనుషులను చదవడం ఇంకో తెలివి. రెండూ ఒక్కరికే ఇచ్చి దేవుడు నాకెందుకు అన్యాయం చేశాడో తెలియదు. నేను నోరు మూసుకుని బయటికి పోయి మామను రమ్మన్నాను. మైసమ్మను, ఆడవాళ్లను కూడా పిలుచుకొచ్చాను. ఆ తెలివి మాత్రం నాదే.

సమత మామకు కుర్చీ వేసింది. ఒక పంపకం పంచాయితీ ఉంది, మీరే తేల్చాలి అంది. ఆయన కనుబొమలు ముడిచాడు గానీ కూర్చున్నాడు. పంచాయితీ అనే మాట ఆయనకు బెల్లంముక్క. భూమి పన్నెండు గుంటలు, వరసగా అన్న చెక్క, తమ్ముని చెక్క అని చెబుతూ డబ్బాలోని రెసిస్టర్‌నూ మడిలోని తెల్లముక్కనూ చూపించింది. సర్వేయరు ఈ ముల్లు. గొలుసు మీరే పట్టండి అని మీటరు తీగలు ఆయన చేతికిచ్చింది.

ముందు మొత్తం భూమి కొలవమంది. ఆయన తీగలను పన్నెండు వోల్టుల మీద ఆనించాడు. ముల్లు ఠంచనుగా పన్నెండు మీదికి పోయింది. సర్వేయరు మంచోడే అన్నాడు మామ. తర్వాత తమ్ముని చెక్క, అంటే తెల్లముక్క కొలిచాడు. ఒకటిన్నర లేదు. అక్కడి నుంచి తీసి అన్న చెక్క, అంటే రెసిస్టర్ కొలిచాడు. అదీ ఒకటిన్నర లేదు. మామ తీగలు తీసి చూసుకున్నాడు. మళ్లీ కొలిచాడు. రెండు చెక్కలూ కలిపినా మూడు కాలేదు.

"పన్నెండు గుంటలల్ల మిగతాది ఏడ వోయింది?" అన్నాడు.

నేను మాట్లాడబోతే మా అత్త నా కాలు తొక్కింది. మామ ఆ ముల్లునే చూశాడు. ఎన్ని గట్ల మీద కూర్చుని ఎన్ని గొలుసులు చూశాడో ఆయన. అన్న కాజేస్తే తమ్ముని వాటా తగ్గి అన్నది పెరగాలి. తమ్ముడు కాజేస్తే తమ్మునిది పెరగాలి. ఎవరి దగ్గర కొలిస్తే వాళ్లకే తగ్గుతుంటే దాని అర్థం ఏమిటో ఆయనకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

"కొలిచేటోడే తిన్నడు," అన్నాడు.

ఆ మాట అన్నాక, తాను ఏమన్నాడో తన చెవులకే వినిపించినట్టు ఆగిపోయాడు. చేతిలో తీగలు అట్లాగే ఉన్నాయి. సమత అప్పుడు మెల్లగా చెప్పింది. ముల్లు అబద్ధం చెప్పడం లేదు, తాను అక్కడ ఉన్నప్పుడు ఎంత ఉందో అంతే చెబుతోంది. ముల్లు కదలాలంటే దానికీ కరెంటు కావాలి, దాని లోపలా ఒక దారి ఉంటుంది. కాలువలో నీళ్లెన్ని వస్తున్నాయో చూద్దామని గట్టుకు గండి కొడితే ఎట్లుంటుంది? తెల్లముక్క దారి సన్నది, మీటరు దారి దానికంటే వెడల్పు, కరెంటంతా ఇటే మళ్లింది. ముక్కకు ఆరు రావాల్సినచోట ఒకటిన్నర కూడా మిగలలేదు. అంకెల మీటరు పెట్టినప్పుడు కూడా ముల్లు అక్కడే ఉంది కాబట్టి అదీ మిగిలినదే చూపించింది.

మామకు ఒక అనుమానం మిగిలింది. బోరు స్టార్టర్ మీద ఏళ్ల తరబడి ముల్లు ఉంది, అక్కడ ఏ మోటారూ ఎందుకు ఆగలేదని అడిగాడు. అది చెరువు మామయ్యా, చెంబెడు ముంచుకుంటే ఏం తెలుస్తది, ఇది చెంబు, ఇందులోంచి చెంబెడు తీస్తే ఏం ఉంటది అంది సమత. మా అత్త ఇంక ఆగలేకపోయింది. ముప్పయ్యేళ్లుగా దాచుకున్న గొంతుతో, కంచె చేను మేసిందన్నట్టు, అని మాత్రం అని ఊరుకుంది.

సమత మోటారు మెయిన్ వేసింది. తీగలను ముక్క మీద పెట్టమని, తీయమని చెప్పలేదు. ఆయనే పెట్టాడు, ఆయనే తీశాడు. మోటారు లేచింది. ఈసారి ఎవరూ దాన్ని ఆపలేదు. వదిలేసిన ఆ ఒక్క మడిలో కూడా నీళ్లు చుక్కచుక్కగా దిగాయి.

మామ కుర్చీలోంచి లేచి బకెట్ దగ్గరికి పోయాడు. తాళంచెవి తీసుకున్నాడు. సత్తయ్య షెడ్డు చివర పైపు చుట్టుకుంటున్నాడు. ఆయన అంత దూరం నడిచిపోయాడు. పంచాయితీల్లో ఎందరినో తన దగ్గరికి పిలిపించుకున్న మనిషి.

"నువ్వు పోయలే," అన్నాడు. తర్వాత మైసమ్మ వైపు, ఆడవాళ్ల వైపు తిరిగి వాళ్లకు వినపడేలా అన్నాడు. "సత్తయ్య పోయలే. నేను పెట్టిచ్చిన ముల్లు తాగింది. తప్పు నాది."

సత్తయ్య తువ్వాలు సర్దుకున్నాడు. తాళంచెవి తీసుకుని మొలతాడుకు కట్టుకున్నాడు. మైసమ్మ పక్కకు తిరిగి ముక్కు చీదింది. నేను సమత భుజం మీద చెయ్యి వేసి ఉన్నాననీ, చాలా గట్టిగా పట్టుకున్నాననీ అప్పుడు చూసుకున్నాను.

సాయంత్రం టీ తాగుతూ మామ చిన్నకోడల్ని ఒక మాట అడిగాడు. అసలు ఏమీ తాగకుండా చూసే మీటరు ఉండదా అని. ఉండదంది. అంకెల మీటరు కూడా తాగుతుంది గానీ చుక్క, ఆ చుక్కకు ఎవరి వాటా మారదు అంది. ఎంత తక్కువ తాగితే అంత నిజం తెలుస్తుందట. ఆయన వ్యాపారికి ఫోన్ చేయలేదు. ఉగాది ఇంకా రాకముందే షెడ్డు సమతదని, రాత్రి అన్నం తింటూ, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా చెప్పాడు.

మర్నాడు పొద్దున నేను స్కూలుకు స్కూటీ మీద పోతూ షెడ్డు దగ్గర ఆగాను. ముల్లు మీటరు డబ్బా మీద లేదు. మామ ఎప్పటిలాగే వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కానీ షెడ్డు తలుపు దగ్గరే ఆగిపోయాడు. లోపల సత్తయ్య వంగి పూలు తెంపుతున్నాడు. మామ ఒక అడుగు లోపలికి వేసి, మళ్లీ తీసి, బయట వేపచెట్టు కిందికి పోయి అటువైపు తిరిగి కూర్చున్నాడు. మీరు లోపలికి రారా అని అడిగాను.

"వద్దు బిడ్డా," అన్నాడు. "నేనుంటే కాడలు ఇరుగుతయ్."

కాసేపటికి మైసమ్మ బకెట్లు బయటికి తెచ్చింది. ఆయన లేచి వాటి మీదికి వంగి చూశాడు. ఎర్రవి, పచ్చవి అన్నీ నిలువునా ఉన్నాయి. ఒక్కటీ విరగలేదు.